ఖాళీ పిస్టల్ పట్టిచ్చిన తప్పు

పిస్టల్ మ్యాగజైన్ నింపింది మా షూటింగ్ కోచ్, సార్. అందులో ఎన్ని నిజం తూటాలున్నాయో, ఎన్ని పేలని డమ్మీలున్నాయో నాకు తెలియదు. పిస్టల్ నా చేతికిచ్చి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డారు. ఊపిరి సగం వదిలి, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కాను. పేలింది. మళ్లీ నొక్కాను. పేలింది. మూడోసారి "టక్" అని చిన్న చప్పుడు మాత్రం వచ్చింది. పేలుడు లేదు, వెనక్కి తన్నడం లేదు. అయినా నా కళ్లముందే పిస్టల్ మూతి కిందికి, కొంచెం ఎడమకు కుంగింది. ఎవరో పైనుంచి అరచేత్తో నొక్కినట్టు.

"ఇంకోసారి చూస్తారా?" అన్నారు సార్.

అక్కర్లేదన్నాను. ఏడాదిన్నరగా నా గుళ్లన్నీ టార్గెట్‌లో కింద ఎడమవైపు మూలకే ఎందుకు పోతున్నాయో ఆ ఒక్క "టక్"తో తెలిసిపోయింది. తెలిసిన క్షణంలో సిగ్గుకంటే బాధ ఎక్కువేసింది. ఏడాదిన్నర అంటే తక్కువ కాలం కాదు.

దీన్ని ఫ్లించ్ అంటారు. పేలుతుందని ముందే తెలిసిన ఒళ్లు, పేలకముందే సర్దుకుంటుంది. మణికట్టు బిగుస్తుంది, భుజం ముందుకు తోస్తుంది, కళ్లు మూసుకుంటాయి. ఇందులో పిరికితనం ఏమీ లేదు. ముఖానికి రెండడుగుల దూరంలో 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు వస్తుంటే ఏ ప్రాణి అయినా అదే చేస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, ఆ కుంగడం పేలుడు చాటున దాక్కుంటుంది. తూటా వెళ్లగానే రీకాయిల్, అంటే ఆ వెనక్కి తన్నడం, పిస్టల్‌ని పైకి లేపుతుంది, అంతకుముందు అది కిందికి కుంగిన సంగతి కాల్చేవాళ్లకు కనబడనే కనబడదు. ఎన్ని వందల తూటాలు కాల్చినా కనబడదు. పేలే తూటా లేని ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఒక్కటే దాన్ని బయటపెడుతుంది. అది కూడా, ఖాళీ అని మనకు ముందే తెలియకపోతేనే.

నేను మొదట నేర్చుకోవడానికి వెళ్లినచోట పావుగంట చెప్పారు. ఎలా పట్టుకోవాలి, ఎలా నింపాలి, ఎక్కడ నిలబడాలి. తర్వాత "ప్రాక్టీస్ చేస్తూ ఉండండి, అదే వస్తుంది" అని వెళ్లిపోయారు. నేను నమ్మాను. వారానికి రెండుసార్లు వెళ్లి కాల్చాను. గుళ్లు కింద ఎడమకు పోతుంటే, గురి చూసే వెనక గాడి (రియర్ సైట్) మర తిప్పి పైకీ కుడికీ జరుపుకున్నాను. కొన్నాళ్లు గుళ్లు మధ్యకు వచ్చాయి. బాగుపడ్డానని సంబరపడ్డాను. నిజానికి నేను చేసింది, కుంటుతున్న కాలికి వైద్యం చేయించకుండా చెప్పుకు మందం పెంచడం. అలసిన రోజున తప్పు ఇంకాస్త పెరిగేది, గుళ్లు మళ్లీ చెదిరేవి, నేను మళ్లీ మర తిప్పేవాణ్ని.

తుపాకీ కాల్చడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. తూటాల మీద డబ్బు పెట్టేముందు, మీ చేతిని చూసే మనిషిని వెతుక్కోండి. పిస్టల్ ఏది కొనాలి, ఏ కంపెనీది మంచిది అన్న ప్రశ్నలకంటే ముందు ఆ పని చేయండి. లైసెన్సు ఉంటే సరిపోదు, ఆసక్తి ఉంటే సరిపోదు, వేల తూటాలు కాల్చినా సరిపోదు.

సాధన చేస్తే ఏదైనా వస్తుందంటారు. వస్తుంది. ఏది సాధన చేస్తే అదే వస్తుంది. ఇది మంచి, ఇది చెడు అని ఒళ్లు వేరుచేసి చూడదు. ఎక్కువసార్లు చేసినదాన్ని దాచుకుంటుంది, అంతే. ఒక పూటలో వంద తూటాలు ఫ్లించ్‌తో కాలిస్తే, ఫ్లించ్‌లో వంద పాఠాలు చెప్పించుకున్నట్టే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. మాను అసలు వంగదని నేననను. నా విషయంలో వంగింది, కానీ ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో మొదటి నాలుగు వారాలు సార్ నన్ను ఒక్క తూటా కూడా ముట్టుకోనివ్వలేదు. మొదటి వారంలోనే ఎవరైనా పక్కన నిలబడి నా మణికట్టు చూసి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

ఏకలవ్యుడికి ఎవరు దగ్గరుండి నేర్పారని అడిగేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు మట్టిబొమ్మ కూడా అక్కర్లేదు, ఫోన్‌లో వేల వీడియోలు ఉన్నాయి. నేనూ చూశాను, ఇప్పటికీ చూస్తాను. వాటిలో చాలామంది మంచి విషయాలే చెబుతారు. కానీ వీడియోకు నోరుంది, కళ్లు లేవు. సరైన చెయ్యి ఎలా ఉంటుందో అది చూపించగలదు, నా చెయ్యి ఎలా ఉందో చూడలేదు. నాకు ఫ్లించ్ అంటే ఏమిటో వీడియోల వల్ల ముందే తెలుసు. దానిమీద గంటసేపు మాట్లాడగలను కూడా. అది నాకే ఉందన్న సంగతి మాత్రం తెలియలేదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికెచ్ ఫొటో లోకమంతా తిరిగింది. మామూలు టీషర్టు, మామూలు కళ్లద్దాలు, ఒక చెయ్యి జేబులో. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో షెవ్వాల్ ఇలైదా తర్హాన్‌తో కలిసి రజతం గెలిచాడు. ఆ ఫొటో చూసి నాకు తెలిసినవాళ్లు చాలామంది, అదంతా పుట్టుకతో వచ్చే విద్య, కావాలంటే వచ్చి అలవోకగా కాల్చి వెళ్లిపోయాడు చూడు అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అప్పటికి ఆయన వయసు 51. అది ఆయనకు ఐదో ఒలింపిక్స్. 2008 బీజింగ్ నుంచి ప్రతి ఒలింపిక్స్‌కూ వెళ్లి, మొదటి పతకం ఐదోసారికి అందుకున్నాడు. జేబులో పెట్టిన చెయ్యి కూడా దర్జా కోసం పెట్టింది కాదు. ఎయిర్ పిస్టల్ ఒంటిచేత్తోనే కాల్చాలని నియమం. రెండో చెయ్యి ఊరికే వేలాడితే దాని బరువు, దాని కదలిక భుజాల్ని లాగుతాయి. అందుకే జేబులోనో, బెల్టులోనో దాన్ని కట్టడి చేస్తారు. చూసేవాళ్లకు నిర్లక్ష్యంగా కనబడిన ఆ భంగిమలో నిర్లక్ష్యంగా వదిలేసింది ఒక్కటీ లేదు.

ఆ "టక్" తర్వాత, సార్ దగ్గర పాఠాలు మొదలైన రోజు గంటన్నర ఉన్నాను. ఒక్క తూటా కాల్చలేదు. తీసుకోవడం, పెట్టడం, ఖాళీగా ఉందని చూపించడం, ఇంతే. చేతికి వచ్చిన ప్రతి తుపాకీ నిండి ఉన్నదే అనుకోవాలి, ఇప్పుడే పక్కవాళ్లు ఖాళీ చేసి ఇచ్చినా సరే. కాల్చకూడని దేనివైపూ మూతి తిరగకూడదు. సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకుండా పక్కన ఫ్రేమ్ వెంబడి నిటారుగా చాపి ఉండాలి. టార్గెట్ వెనకాల ఏముందో తెలియకుండా కాల్చకూడదు. వినడానికి నాలుగు వాక్యాలు. ఇవి తలలో ఉంటే చాలదు, వేలిలో ఉండాలి అన్నారు సార్. నన్ను మాటల్లో పెట్టి, నవ్వించి, ప్రశ్నలడిగి, మధ్యలో నా చూపుడువేలు ఎక్కడుందో గమనించేవారు. మూడుసార్లు ట్రిగ్గర్ గార్డు లోపల దొరికింది. మూడుసార్లూ ఏమీ అనకుండా పిస్టల్ తీసి బల్లమీద పెట్టి, ఛాంబర్ చూపించి, మొదటి నుంచి మొదలుపెట్టించారు.

షూటింగ్ రేంజ్‌లో "స్టాప్" అని ఎవరైనా అరవొచ్చు. కోచే అరవాలని లేదు. నిన్న చేరిన పిల్లవాడికి ఏదైనా తేడాగా కనబడినా అరవొచ్చు. ఆ మాట వినగానే అందరూ ఆగాల్సిందే, ఎందుకని అడగడం తర్వాత. ఈ ఒక్క నియమం పాటించే తీరు చూసి అది నేర్చుకోదగ్గ చోటో కాదో చెప్పేయొచ్చు. చెవులకు, కళ్లకు రక్షణ గురించి ఎక్కువ చెప్పను, లేకుండా లోపలికి రానిచ్చే చోటికి వెళ్లకండి. ఒక చిన్న విషయం మాత్రం చెప్పాలి. చెవిలో స్పాంజి ప్లగ్గు పెట్టి, దానిమీద చెవులు కప్పే మఫ్స్ కూడా పెట్టుకున్నాక నా ఫ్లించ్ పావువంతు అక్కడే తగ్గింది. ఒళ్లు భయపడేది తన్నుడుకంటే చప్పుడుకే ఎక్కువ. ఇంకొకటి, తూటాల్లో సీసం ఉంటుంది. కాల్చి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా నోటి దగ్గరికి తీసుకెళ్లకండి.

ఇక గురి సంగతి. నేను అన్నిటికంటే తప్పుగా అర్థం చేసుకున్నది ఇదే.

పిస్టల్‌కు రెండు సైట్లు ఉంటాయి. కంటికి దగ్గరగా రియర్ సైట్, అందులో ఒక గాడి. మూతి దగ్గర ఫ్రంట్ సైట్, ఒక చిన్న దిమ్మె. గాడి మధ్యలో దిమ్మె నిలబడాలి. రెండు పక్కలా వెలుగు ఒకే వెడల్పున కనబడాలి, పై అంచులు సమంగా ఉండాలి. ఆ తర్వాత ఈ మొత్తాన్ని టార్గెట్ మీదికి తేవాలి. నేనేమో టార్గెట్ మీద చెయ్యి ఊగకుండా ఆపాలని నానా తంటాలు పడేవాణ్ని. ఊగుడు ఆగదు. ఒలింపిక్స్ గెలిచినవాళ్ల చెయ్యీ ఊగుతుంది.

ఒకరోజు సార్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. రెండు సైట్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుందాం. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది. ఫ్రంట్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే, టార్గెట్ దగ్గరికి వెళ్లేసరికి ఆ తేడా 33 మిల్లీమీటర్లు అవుతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో నల్లటి వృత్తం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు. అంటే గుండు నలుపు దాటి తెలుపులో పడుతుంది, 10కి 6 పాయింట్లే వస్తాయి. ఇప్పుడు రెండో సంగతి. సైట్లు రెండూ చక్కగా కుదిరి ఉన్నాయి, కానీ చెయ్యి చెయ్యంతా ఒక సెంటీమీటరు పక్కకు ఊగింది. అప్పుడు గుండు కూడా ఒక్క సెంటీమీటరే పక్కకు పోతుంది, 9 వస్తుంది. పది రెట్లు చిన్న తప్పు 6 ఇచ్చింది, పది రెట్లు పెద్ద తప్పు 9 ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా పిస్టల్ పెట్టెలో ఉంది.

అందుకే కన్ను ఫ్రంట్ సైట్ మీద ఉండాలి. చిన్నప్పటినుంచి మనకు చెప్పిన కథ వేరు. ఏం కనబడుతోందని ద్రోణుడు అడిగితే, పిట్ట కన్ను తప్ప ఏదీ కనబడటం లేదన్నాడు అర్జునుడు. ఏకాగ్రత గురించి అది గొప్ప కథే, కాదనను. కానీ ఓపెన్ సైట్ల పిస్టల్ పట్టుకున్నవాళ్లకు ఆ కథ తప్పు దారి చూపిస్తుంది. కన్ను ఒకసారికి ఒక దూరం మీదే స్పష్టంగా నిలుస్తుంది. పిట్ట కన్ను స్పష్టంగా కనబడితే సైట్లు మసకబారతాయి, మసకలో ఒక మిల్లీమీటరు తేడా ఎవరికి తెలుస్తుంది? టార్గెట్ మసగ్గా ఉండాలి, ఫ్రంట్ సైట్ అంచు కత్తితో కోసినట్టు కనబడాలి. మనసు ఒప్పుకోదు. ఎక్కడ కొట్టాలో అటు చూడాలని లాగుతుంది. ఆ లాగుడును అణచడమే ఈ విద్యలో సగం.

నిలబడటం గురించి ఒక పరీక్ష చెబుతాను, ఎవరైనా ఇవాళే చేసి చూడొచ్చు, పిస్టల్ కూడా అక్కర్లేదు. గోడమీద ఒక చుక్క పెట్టి, దానివైపు చెయ్యి చాపి నిలబడండి. కళ్లు మూసుకోండి. భుజం, నడుము వదులు చేసి రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి వదలండి. కళ్లు తెరవండి. చెయ్యి చుక్క మీద లేదు కదా? ఇప్పుడు అది ఎక్కడుందో అదే మీ ఒంటికి సహజమైన దిశ. చేతిని లాగి చుక్క మీదికి తెచ్చారంటే కండరం పట్టి ఉంచుతోందని అర్థం, ట్రిగ్గర్ కదిలిన క్షణంలో పట్టు సడలి చెయ్యి తన చోటికి పోతుంది. చేతిని కదపకూడదు, పాదాలు జరపాలి. వెనక పాదం రెండు వేళ్ల మేర జరిపితే చెయ్యి దానంతటదే చుక్క మీదికి వస్తుంది. నాకు ఈ సంగతి తెలిసేదాకా నా పాదాల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఊపిరి గురించి పెద్ద రహస్యాలేమీ లేవు. సహజంగా వదిలి, ఆగినచోట ఆగి, ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో గుండు వెళ్లిపోవాలి. వెళ్లకపోతే చెయ్యి దించేయాలి. దించడం చేతకాక చెడగొట్టిన గుళ్లే నావి ఎక్కువ. ఇంకాసేపు పట్టుకుంటే కుదురుతుందేమో అనిపిస్తుంది. కుదరదు. కన్ను అలిసి, ఉన్నది ఉన్నట్టు కనబడటం మానేస్తుంది.

తూటాలు లేని ఆ నాలుగు వారాలూ డ్రై ప్రాక్టీస్ చేశాను, రోజుకు ఇరవై నిమిషాలు. దీనికీ పద్ధతి ఉంది. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, వేరే గదిలో తాళం వేసి ఉండాలి. ఛాంబర్ కంటితో చూసి, వేలితో తడిమి, రెండుసార్లు సరిచూసుకోవాలి. తూటా దూరినా ఎవరికీ ఏమీ కానంత మందమైన గోడవైపే నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ముగింపు. "అయిపోయింది" అని పైకి అని, పిస్టల్ పెట్టెలో పెట్టి, గది వదిలి బయటికి రావాలి. ఇంకొక్కసారి అని మళ్లీ తీయడం, ఆ మధ్యలో తూటాలు నింపేసిన సంగతి మరిచిపోవడం, ప్రమాదాలు జరిగేది ఇక్కడే అని సార్ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. .22 రిమ్‌ఫైర్ (పిన్ తూటా అడుగు అంచున కొట్టే) తుపాకులు చాలావాటిలో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకు కొట్టుకుని రెండూ పాడవచ్చు, వాటిలో డమ్మీ తూటా పెట్టుకోవాలి.

ఫ్రంట్ సైట్ వెనక స్లైడు (పిస్టల్ పైభాగం) మీద ఒక నాణెం పెట్టమన్నారు. "టక్" అన్నాక కూడా నాణెం అక్కడే ఉండాలి. మొదటి రోజు ఇరవైసార్లలో పదిహేడుసార్లు పడింది. నేల మీద నాణెం దొర్లే చప్పుడు ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది. పదో రోజుకు సగం నిలిచింది. ఇరవై నాలుగో రోజున మొదటిసారి ఇరవైకి ఇరవై నిలిచింది. అప్పటికి వేలి కొసకు ట్రిగ్గర్ లోపల జరిగేవన్నీ తెలుస్తున్నాయి. మొదట ఖాళీగా కదిలే దూరం, తర్వాత గోడకు ఆనినట్టు ఆగే చోటు, అక్కడినుంచి పెరిగే బరువు. ఆ గోడ దగ్గర వేలు ఆగకుండా, తొందరపడకుండా బరువు పెంచుకుంటూ పోతే ఎప్పుడు వదులుతుందో మనకే తెలియదు. తెలియకపోవడమే కావాలి. ఎప్పుడు పేలుతుందో తెలియని ఒళ్లు ముందుగా సర్దుకోలేదు.

ఐదో వారంలో తూటాలిచ్చారు, ఐదే ఐదు. టార్గెట్ మీద అవి కింద ఎడమకు పోలేదు. పైన కుడివైపు, నా అరచేతిలో పట్టేంత చోటులో పడ్డాయి. నేను తిప్పి తిప్పి పెట్టిన రియర్ సైట్ మర ఇన్నాళ్లకు నిజం చెప్పింది.

మధ్యలో పడలేదని బాధపడవద్దన్నారు సార్. గుళ్లు ఒకదగ్గర పడటం ముందు, మధ్యలో పడటం తర్వాత. ఒకదగ్గర పడ్డ గుంపును మర తిప్పి మధ్యకు తేవచ్చు, చెదిరిన గుళ్లను ఏ మరా దగ్గరికి చేర్చలేదు. ఇక్కడ ఇంకో మోసం ఉంది, జాగ్రత్త. మూడు గుళ్లు ఒక చిన్న గుంపులో పడితే చాలామంది ఫొటో తీసి అందరికీ పంపుతారు. మూడు గుళ్లు ఎవరికైనా అప్పుడప్పుడు అలా పడతాయి. పది గుళ్లు కాల్చి, అందులో అన్నిటికంటే దూరంగా పడ్డదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు తెలుస్తుంది మన అసలు స్థాయి. "అది పొరపాటున పోయింది" అని ఒకదాన్ని పక్కన పెట్టడం మొదలుపెడితే నేర్చుకోవడం అక్కడితో ఆగినట్టే, ఎందుకంటే మనకు పాఠం చెప్పేది ఆ పోయిన గుండే.

పోటీల్లో పైస్థాయి మనుషుల్ని చూసినా ఇదే తెలుస్తుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ (మూడు భంగిమల్లో కాల్చే పోటీ) ఫైనల్. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ చివరి గుండుకు ముందు 3 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఓ మాదిరిగా కాల్చినా బంగారం ఆయనదే. కాల్చాడు. తెరమీద స్కోరు రాలేదు. ఆయన గుండు పక్క లేన్ టార్గెట్‌లో ఉంది. సున్నా ఇచ్చారు, మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. ఆయనకు ఒక అలవాటు ఉంది. ముందు టార్గెట్ పైన ఉన్న లేన్ నంబరు చూసి, అక్కడినుంచి కిందికి దిగుతాడు. ఆరోజు చివరి గుండు దగ్గర మనసును కుదుటపరుచుకోవడం మీదే ధ్యాస పెట్టి, నంబరు చూడటం వదిలేశాడు. ఒక్క మెట్టు. ప్రపంచంలో అందరికంటే బాగా కాల్చగల మనిషి, ఒక్క మెట్టు దాటేశాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో అదే పోటీలో మళ్లీ ఆధిక్యంలో ఉండి, చివరి గుండు సిద్ధంకాకముందే వెళ్లిపోయి 4.4 వచ్చింది, నాలుగో స్థానం. 2012లో లండన్‌కు మళ్లీ వచ్చాడు, అదే పోటీలో కాంస్యం గెలిచాడు. ఆ మూడోసారి వచ్చి నిలబడటం తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

హంగరీ షూటర్ కారోయ్ తకాచ్ సంగతి ఇంకా విచిత్రం. సైన్యంలో ఉండగా 1938లో గ్రెనేడ్ పేలి, కాల్చే కుడిచెయ్యి నాశనమైంది. ఎడమచేత్తో మొదటి నుంచి నేర్చుకున్నాడు. యుద్ధం వల్ల రెండు ఒలింపిక్స్ జరగనే లేదు. 1948 లండన్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ బంగారం ఎడమచేత్తో గెలిచాడు, 1952 హెల్సింకీలో మళ్లీ గెలిచాడు. అందరూ ఆయన పట్టుదల గురించి చెబుతారు, నిజమే. నాకు ఇంకొకటి కూడా కనబడుతుంది. చెయ్యి పోయినా, మంచి గుండు అంటే లోపల ఎలా ఉంటుందో ఆ ఎరుక పోలేదు. కొత్త చేతికి ఆయనే కోచ్ అయ్యాడు. ఆ ఎరుక రాకముందు మాత్రం మనకు బయటి మనిషి కళ్లు కావాలి.

ఆ మనిషిని ఎలా పోల్చుకోవాలి? పతకాల గోడ చూసి మోసపోకండి. గొప్పగా కాల్చగల వాళ్లందరూ నేర్పలేరు, తాము ఏం చేస్తున్నారో వాళ్లకే తెలియనంత అలవాటైపోయి ఉంటుంది. చేరేముందు ఒక పూట వెళ్లి ఊరికే కూర్చోండి. శిష్యుడు కాలుస్తుంటే కోచ్ ఎటు చూస్తున్నారో గమనించండి. టార్గెట్ వైపు చూసి "కింద పోయింది, కొంచెం పైకి" అనేవాళ్లైతే వచ్చేయండి, ఆ మాట కాగితమూ చెబుతుంది. మా సార్ టార్గెట్ వైపు చూడరు. నా కనురెప్ప చూస్తారు, దవడ చూస్తారు, వేలి గోరు రంగు చూస్తారు. పట్టు బిగిస్తే గోరు కింద తెల్లబడుతుంది. గుండు వెళ్లాక, "ఎనిమిది, ఎడమ?" అంటారు తెరవైపు తిరగకుండా. చాలాసార్లు నిజమవుతుంది.

ఆత్మరక్షణ కోసం తుపాకీ పెట్టుకున్నామని, పోటీలకు పోయేది లేదు కాబట్టి ఈ కాగితాల గొడవ తమకెందుకని అనేవాళ్లతో నాకు తీవ్రమైన పేచీ ఉంది. పోటీలో తప్పు పోయిన గుండు తెలుపులో పడుతుంది. ఇంట్లో, వీధిలో తప్పు పోయిన గుండు ఎవరిలో పడుతుంది? ప్రశాంతంగా నిలబడి పది మీటర్ల దూరంలో కాగితాన్ని కొట్టలేని చెయ్యి, గుండె దడదడలాడుతుంటే, చీకట్లో, కదులుతున్న మనిషి ముందు బాగుపడుతుందా? షూటింగ్ పోటీల్లో బీటా బ్లాకర్ మందుల్ని నిషేధించారు, గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తాయని. స్టేడియంలో, నియమాల నడుమ, ఎవరూ ఎదురు కాల్చనిచోటే గుండెదడ అంత పని చేస్తుంది. ఆయుధం దగ్గర పెట్టుకున్నవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి విద్య, ఇక్కడ కాల్చకూడదు అని గుర్తుపట్టి వేలు ఫ్రేమ్ మీదే ఉంచడం. అది కూడా ఒంటికి నేర్పాల్సిందే, అవసరం వచ్చినరోజు ఆలోచిద్దామంటే కుదరదు.

ఇప్పుడు నా సాధన ఇలా నడుస్తోంది. గుండు వెళ్లాక పిస్టల్ దించను. రెండు సెకన్లు అలాగే సైట్ల మీద చూపు పెట్టి ఉంచుతాను. వదిలిన క్షణంలో ఫ్రంట్ సైట్ ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని, తెర చూడకముందే పుస్తకంలో ఒక చుక్క పెడతాను. ఆ తర్వాతే తెర చూస్తాను. నా చుక్క, గుండు ఒకే వైపున, ఒక వృత్తం తేడాలో ఉంటే టిక్కు పెట్టుకుంటాను. ఎంత స్కోరు వచ్చిందన్నది వేరే కాలమ్. సార్ ఆ కాలమ్ చూడటం నేనెప్పుడూ చూడలేదు, టిక్కులే లెక్కపెడతారు. మొదట్లో 40 గుళ్లకు 11 టిక్కులు ఉండేవి. తెలియకుండా వెళ్లిన 10 కంటే, తెలిసి వెళ్లిన 7 మేలంటారు.

నిన్న 40కి 31 వచ్చాయి. కుదరని తొమ్మిదింట్లో ఏడు, 26వ గుండు తర్వాతవే. చెయ్యి అలిసిందనుకున్నాను. సార్ పుస్తకం తిరగేసి, ఆ ఏడూ నిలువుగా తప్పాయని, పక్కకు ఒక్కటీ తప్పలేదని చూపించారు. చెయ్యి అలిస్తే పక్కకూ కొన్ని పోయేవేమో. 25 గుళ్లయ్యాక నేను కూర్చుని లేచాను, లేచి నిలబడే తీరు సరిచూసుకోకుండా మొదలుపెట్టానేమో. లేదా కళ్లు అలిసి దిమ్మె పై అంచు మసకబారి ఉండాలి. రేపు 25 దగ్గర ఆగకుండా కాల్చి చూడమన్నారు, ఎల్లుండి ఆగి, నిలబడే తీరు మళ్లీ సరిచూసుకుని.